పదహారు పేకముక్కలు, పదిహేను మంది అమ్మాయిలు: కాంబినేటరిక్స్‌లో ఒక జీవితం

గాజువాక నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళమ్మాయి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. ప్రస్తారాలు, సంయోగాలు పాఠం మొదలైన దగ్గర్నుంచి మిగతావన్నీ పక్కన పెట్టి అవే లెక్కలు పట్టుకుని కూర్చుంటోందట. కాంబినేటరిక్స్‌లో, అంటే వస్తువుల్ని ఎన్ని రకాలుగా పేర్చవచ్చో, గుంపులు కట్టవచ్చో చూసే గణితంలో, మ్యాథమెటీషియన్ అవుతానంటోందట. "అలాంటి ఉద్యోగం అసలు ఉంటుందా? వాళ్ళు రోజంతా ఏం చేస్తారు? దాంతో బతకడం కుదురుతుందా? పైగా మా పిల్లకి స్పీడు లేదు. వీక్లీ టెస్టులో సగం పేపరు వదిలేసి వస్తుంది. ఇందులో నెగ్గుకొస్తుందా?" అని అడిగారు.

అమ్మా, నేను విశాఖపట్నంలోనే ముప్ఫై ఏళ్ళకు పైగా డిగ్రీ, పీజీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నా పీహెచ్‌డీ కూడా కాంబినేటరిక్స్‌లోనే, బ్లాక్ డిజైన్లు అనే ఒక చిన్న మూలలో. అంటే వస్తువుల్ని ఒక నియమం ప్రకారం గుంపులుగా పేర్చే పని. మీరు చివర్లో అడిగిన స్పీడు సంగతే ముందు చెబుతాను. మీ టెన్షన్ అంతా అక్కడే ఉందని నాకు అర్థమైంది.

వీక్లీ టెస్టులో లెక్కకు రెండు నిమిషాలు. ఆ లెక్కకు జవాబు ఉందని, అది నాలుగు ఆప్షన్లలో ఒకటని పిల్లకు ముందే తెలుసు. పరిశోధనలో అది తెలియదు. జవాబు ఉందో లేదో, ఉంటే ఈ జన్మలో దొరుకుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. అక్కడ కావలసింది ఒకే ప్రశ్నతో నెలల తరబడి విసుగు లేకుండా కాపురం చెయ్యగలగడం. మీ అమ్మాయి మిగతావి వదిలేసి ఒకే రకం లెక్క పట్టుకుని కూర్చుంటోందని రాశారు చూడండి, నాకు మీ ప్రశ్న మొత్తంలో అన్నిటికంటే ఆశ కలిగించిన మాట అదే.

ఈ రంగంలో జీవితం ఎలా ఉంటుందో చెప్పాలంటే ఒక మనిషి కథ చెప్పాలి. శరద్‌చంద్ర శంకర్ శ్రీఖండే. 1917 అక్టోబర్ 19న మధ్యప్రదేశ్‌లోని సాగర్‌లో పుట్టారు. మన తెలుగువాళ్ళు ఆయన్ని గుర్తుపెట్టుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. చివరి సంవత్సరాలు విజయవాడలోనే గడిపి, 2020 ఏప్రిల్ 21న, 102 ఏళ్ళ వయసులో అక్కడే కన్నుమూశారు. లాక్‌డౌన్ రోజులు. పేపర్లో పెద్దగా రాలేదు. ఆ వార్త చూసిన రోజు నాకు చాలా బాధేసింది. ఒక్క పూట ప్రయాణం దూరంలో అంత పెద్దాయన ఉంటే, ఒక్కసారి వెళ్ళి నమస్కారం పెట్టి రాలేకపోయాను.

ఆయన చేసిన పని అర్థం కావాలంటే ఇంట్లో పేకకట్ట తీయండి. ఆసు, రాజు, రాణి, జాకీ, నాలుగు గుర్తుల్లోనూ కలిపి పదహారు ముక్కలు. వాటిని నాలుగు వరసలు, నాలుగు నిలువులుగా పేర్చాలి. ఏ వరసలో చూసినా, ఏ నిలువులో చూసినా ఆసు, రాజు, రాణి, జాకీ ఒక్కొక్కటే ఉండాలి. ఇస్పేటు, ఆఠీను, డైమండు, కళావరు కూడా ఒక్కొక్కటే ఉండాలి. అమ్మాయికి ముందు జవాబు చూపించకండి. ఒక సాయంత్రం వదిలేయండి. మీ కోసం ఒక జవాబు ఇస్తున్నాను:

మొదటి వరస: ఇస్పేటు ఆసు, ఆఠీను రాజు, డైమండు రాణి, కళావరు జాకీ.
రెండో వరస: డైమండు రాజు, కళావరు ఆసు, ఇస్పేటు జాకీ, ఆఠీను రాణి.
మూడో వరస: కళావరు రాణి, డైమండు జాకీ, ఆఠీను ఆసు, ఇస్పేటు రాజు.
నాలుగో వరస: ఆఠీను జాకీ, ఇస్పేటు రాణి, కళావరు రాజు, డైమండు ఆసు.

గుర్తులు పట్టించుకోకుండా బొమ్మలు మాత్రమే చూస్తే అదొక లాటిన్ స్క్వేర్. బొమ్మలు వదిలేసి గుర్తులు మాత్రమే చూస్తే ఇంకో లాటిన్ స్క్వేర్. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు ఏ జతా రెండోసారి రాకపోతే, వాటిని ఆర్థోగొనల్ జత అంటాం.

పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ అనే గొప్ప గణితజ్ఞుడు ఇదే ప్రశ్నను ఆరుతో వేశాడు. ఆరు రెజిమెంట్లు, ఒక్కో రెజిమెంటు నుంచి ఆరు వేరువేరు హోదాల అధికారులు, మొత్తం 36 మంది. వాళ్ళను ఇలా చదరంగా నిలబెట్టగలమా? ఆయనకు కుదరలేదు. బేసి సంఖ్యలకు, నాలుగుతో నిశ్శేషంగా భాగం పోయే సంఖ్యలకు కుదురుతుందని ఆయనకు తెలుసు. రెండుకు కుదరదని ఎవరైనా చూసి చెప్పగలరు. ఆరుకు ఎంత ప్రయత్నించినా రాలేదు. అందుకని 1782లో అచ్చయిన తన వ్యాసంలో, నాలుగుతో భాగిస్తే రెండు మిగిలే సంఖ్యలు వేటికీ, అంటే 6, 10, 14, 18, 22, ఇలా పోతూ ఉంటే దేనికీ కుదరదని ఊహించాడు. నిరూపణ ఇవ్వలేదు.

1900 ప్రాంతంలో గాస్టన్ టారీ అనే ఫ్రెంచి ఆయన, వృత్తిరీత్యా గణితజ్ఞుడు కూడా కాదు, ఆరో సైజు చదరాల్లో ప్రామాణిక రూపంలో ఉండే 9,408 రకాలను కుటుంబాలుగా విడదీసి, చేత్తో లెక్కించి, ఆరుకు కుదరదని తేల్చాడు. ఆ ఒక్కదానికీ ఆయిలర్ మాట నిజమైంది. మరి పదికి? కంప్యూటర్లు వచ్చాక 1950ల చివర్లో కాలిఫోర్నియాలో ఒక యంత్రాన్ని వంద గంటలకు పైగా నడిపినా పదికి జత దొరకలేదు. వెతకాల్సిన మొత్తంలో అది సముద్రంలో చెంబెడు నీళ్ళు కూడా కాదు.

ఇక్కడ కథ పొలంలోకి వెళుతుంది. మన అనకాపల్లి చెరకు పరిశోధనా కేంద్రంలో అయిదు రకాలు పోల్చి చూడాలనుకోండి. పొలం అంతా ఒకే సారం ఉండదు. ఒకవైపు పల్లం, ఒకవైపు మెరక. ఒక రకాన్ని మంచి మూలలో నాటి, ఇంకో రకాన్ని చౌడులో నాటి, మొదటిదే గొప్పదంటే తప్పు. ప్రతి రకం ప్రతి వరసలో ఒకసారి, ప్రతి నిలువులో ఒకసారి వచ్చేలా నాటితే నేల తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. అంటే లాటిన్ స్క్వేర్. ఇంగ్లండులో ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఈ పద్ధతిని వ్యవసాయ ప్రయోగాల్లోకి తెచ్చాడు. కలకత్తాలో మహలనోబిస్ 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో రాజ్‌చంద్ర బోస్ అనే జ్యామితి మనిషి ఇలాంటి ప్రయోగాల అమరికలను, అంటే డిజైన్లను, పరిమిత జ్యామితులతో (లెక్కపెట్టగలిగినన్ని బిందువులే ఉండే జ్యామితులతో) కట్టడం మొదలుపెట్టాడు. శ్రీఖండే ఆ బోస్ శిష్యుడే. నాగ్‌పూర్ సైన్స్ కాలేజీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, తర్వాత అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో బోస్ దగ్గర 1950లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై రెండు దాటింది. పీహెచ్‌డీ అయ్యాక మళ్ళీ నాగ్‌పూర్ వచ్చి క్లాసులు చెప్పుకున్నారు. మీ అమ్మాయికి ఈ భాగం తప్పకుండా చెప్పండి. ఆయన జీవితంలో ఎక్కువ భాగం పాఠాలు చెప్పడమే.

1959లో గురుశిష్యులిద్దరూ మళ్ళీ నార్త్ కరోలినాలో కలిసి కూర్చుని 22కి ఆర్థోగొనల్ జత కట్టారు. ఆయిలర్ ఊహ కూలింది. దాదాపు అదే సమయంలో యూనివాక్ కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తున్న పార్కర్ పదికి జత చూపించాడు. తర్వాత ముగ్గురూ కలిసి, రెండు, ఆరు తప్ప ఆయిలర్ కుదరదన్న ప్రతి సంఖ్యకూ కుదురుతుందని నిరూపించారు. 1959 ఏప్రిల్ 26న ఆ వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది. అప్పటికి బోస్‌కు 57 ఏళ్ళు, శ్రీఖండేకు 41. ఆ ప్రశ్న వయసు 177 ఏళ్ళు. వీక్లీ టెస్టులో టైము సరిపోలేదని ఏడ్చే పిల్లలందరికీ నేను ఈ మూడు అంకెలూ చెప్పేవాణ్ణి.

ఆ 22 ఎలా కట్టారో చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. కాస్త ఓపికగా చదవండి, మీ అమ్మాయి అయితే తప్పకుండా చదవాలి.

1850లో కిర్క్‌మన్ అనే ఇంగ్లీషు పాదిరీ ఒక పొడుపు ప్రశ్న వేశాడు. ఒక బడిలో పదిహేను మంది అమ్మాయిలు రోజూ ముగ్గురేసి చొప్పున అయిదు వరసల్లో నడుస్తారు. ఏడు రోజులూ ఇలా నడవాలి, ఏ ఇద్దరమ్మాయిలూ ఒకే వరసలో రెండోసారి రాకూడదు. ఇది కుదురుతుంది. ఏడు రోజులు, రోజుకు అయిదు వరసలు, మొత్తం 35 గుంపులు. ప్రతి అమ్మాయీ మిగతా పద్నాలుగు మందితో సరిగ్గా ఒక్కోసారి నడుస్తుంది.

ఇప్పుడు ఏడు రోజులకూ ఏడుగురు టీచర్లను పెట్టండి. సోమవారం టీచరు సోమవారం నడిచే అయిదు గుంపుల్లోనూ చేరుతుంది, మంగళవారం టీచరు మంగళవారం గుంపుల్లో, అలాగే మిగతావాళ్ళు. ముగ్గురి గుంపులు నలుగురి గుంపులయ్యాయి. ఆఖర్న ఏడుగురు టీచర్లతో ఒక గుంపు. మొత్తం 15 + 7, అంటే 22 మంది. ఇందులో ఏ ఇద్దర్ని తీసుకున్నా వాళ్ళిద్దరూ కలిసి ఉండే గుంపు సరిగ్గా ఒకటే. లెక్క సరిచూడండి: 22 మందిలో జతలు 231. నలుగురి గుంపులో ఆరు జతలు, 35 గుంపులకు 210. ఏడుగురి గుంపులో 21. కలిపితే 231.

నాలుగు సైజుకు చదరాలు మనకు తెలుసు, ఇందాక పేకముక్కలతో చూశాం. నిజానికి నాలుగుకు ఒకదానికొకటి ఆర్థోగొనల్‌గా ఉండేవి మూడు ఉన్నాయి, ఏడుకు ఆరు ఉన్నాయి. ఇక 22 సైజు చదరం నింపాలి. ఒక వరస ఒక మనిషిది, ఒక నిలువు ఇంకో మనిషిది. ఆ ఇద్దరూ ఉన్న గుంపు ఒక్కటే కాబట్టి, ఆ గుంపు తాలూకు చిన్న చదరంలో ఆ గడిలో ఏముందో అదే ఇక్కడ రాస్తాం. వరస, నిలువు ఒకే మనిషివైతే ఆ మనిషి పేరే రాస్తాం. ఈ కర్ణం గడులు ఒకదానితో ఒకటి తగువు పడకుండా ఉండడానికి చిన్న చదరాల్లో ఒకదాన్ని త్యాగం చెయ్యాల్సి వస్తుంది. మూడింట్లో ఒకటి పోతే రెండు మిగులుతాయి. మనకు కావలసినవి రెండే. చిన్న చదరాలను గుంపుల వెంట అతుక్కుంటూ పోతే 22 సైజు జత తయారవుతుంది.

నూటతొమ్మిదేళ్ళ పాటు వినోదం కోసం చెప్పుకున్న పదిహేను మంది బడిపిల్లల లెక్క, ఆయిలర్ మాట తప్పని చూపించడానికి పనికొచ్చింది. నేను ఎమ్మెస్సీలో ఇది మొదటిసారి చదివిన రాత్రి నిద్రపోలేదు. నేను ఈ రంగంలోకి రావడానికి వేరే కారణం లేదు.

ఆ తర్వాత శ్రీఖండే బెనారస్‌లో పనిచేసి, 1963లో బొంబాయి విశ్వవిద్యాలయానికి వెళ్ళి గణితశాఖకు మొదటి అధిపతి అయ్యారు. 1978లో రిటైరయ్యే దాకా అక్కడే ఉండి శిష్యుల్ని తయారుచేశారు. భారతదేశంలో డిజైన్ల మీద పనిచేసేవాళ్ళ వంశవృక్షం వేస్తే చాలా కొమ్మలు ఆయన దగ్గరికే వెళతాయి. 16 బిందువులతో ఆయన పేరు మీదే ఒక గ్రాఫ్ (బిందువులు, వాటిని కలిపే గీతలు) ఉంది, శ్రీఖండే గ్రాఫ్. ఇప్పటికీ ఉదాహరణలు వెతుక్కునేవాళ్ళు ముందు దాన్నే తీసి చూస్తారు.

ఇది ఎక్కడో అమెరికాలో జరిగిన కథ అనిపించవచ్చు. కాదమ్మా. ఈ కథ మన వాల్తేరు మీదుగా కూడా వెళ్ళింది, ఇది మన ఊళ్ళో చాలామందికి తెలియదు. 1933 నుంచి 1936 దాకా, సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రోజుల్లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం గణితశాఖను నడిపింది సర్వదమన్ చౌలా. అప్పటికి ఆయనకు ముప్ఫై కూడా లేవు. ఆయన ప్రధానంగా నంబర్ థియరీ, అంటే పూర్ణసంఖ్యల గుణాలు చూసే గణితం, మనిషి, కానీ కాంబినేటరిక్స్ చదివే ప్రతి విద్యార్థీ బ్రక్–రైజర్–చౌలా సిద్ధాంతం చదవాల్సిందే. కొన్ని రకాల డిజైన్లు ఎంత వెతికినా దొరకవని, ఎందుకు దొరకవో నంబర్ థియరీ వాడి చెప్పే సిద్ధాంతం అది. బ్రక్, రైజర్ 1949లో ఒక భాగం చేస్తే, 1950లో చౌలా, రైజర్ దాన్ని విస్తరించారు. అదే 1950లో శ్రీఖండే కూడా ఈ తరహా అసాధ్యతా ఫలితాన్ని వేరే దారిలో స్వతంత్రంగా ప్రచురించారు. ఇంకా ఉంది. 1960లో చౌలా, ఎర్దోష్, స్ట్రాస్ కలిసి, సైజు పెరుగుతూ పోతే ఒకదానికొకటి ఆర్థోగొనల్‌గా ఉండే చదరాల సంఖ్య కూడా హద్దు లేకుండా పెరుగుతుందని నిరూపించారు. రెండు కూడా దొరకవని ఆయిలర్ అన్నచోట ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయని తేలింది.

సి. ఆర్. రావు గారి పేరు మీరు వినే ఉంటారు. 1940లో ఎమ్మే గణితం మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే చేశారు. సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అది రాలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలుసుకుని 1941లో చేరారు. ప్రపంచం ఆయన్ని స్టాటిస్టిక్స్ మనిషిగా గుర్తుపెట్టుకుంది, కానీ 1947లో ఆయన వివరించిన ఆర్థోగొనల్ ఎరేలు అనే పట్టికలు శుద్ధ కాంబినేటరిక్స్. లాటిన్ చదరాల ఆలోచనకే అది పెద్ద రూపం. ఫ్యాక్టరీల్లో నాణ్యత పరీక్షలకు, సాఫ్ట్‌వేర్ టెస్టింగుకు ఇవాళ్టికీ వాడుతున్నారు. పది సెట్టింగులుంటే, ఒక్కోదానికి మూడు విలువలుంటే, అన్నీ కలిపి పరీక్షించాలంటే 59,049 సార్లు. ఎరే వాడితే ఏ రెండు సెట్టింగుల జత తీసుకున్నా అన్ని కలయికలూ సమానంగా వచ్చేలా 27 పరీక్షలతో సరిపెట్టవచ్చు. రావు గారు కూడా 102 ఏళ్ళు బతికారు, 2023 ఆగస్టులో పోయారు.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు యూనివర్సిటీ అవుట్‌గేట్ నుంచి డిపార్ట్‌మెంటుకు నడుస్తూ, చౌలా ఇదే గాలి పీల్చాడు కదా అనుకునేవాణ్ణి. చిన్న ఊరి నుంచి వచ్చిన వాణ్ణి, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ తలపు నాకు ఎంత బలాన్నిచ్చిందో మాటల్లో చెప్పలేను.

ఇక రోజంతా ఏం చేస్తారన్న ప్రశ్న. చాలావరకు చిన్న కేసులు చేత్తో చేస్తాం. ఏడుగురు మనుషులు, ముగ్గురేసి గుంపులు, ఏ ఇద్దరూ ఒక్క గుంపులోనే కలవాలి. 1, 2, 4 తీసుకుని ఒక్కో అంకె జరుపుకుంటూ పోండి: 1-2-4, 2-3-5, 3-4-6, 4-5-7, 5-6-1, 6-7-2, 7-1-3. వచ్చేసింది. ఎందుకు వచ్చింది? 1, 2, 4 మధ్య తేడాలు తీసి, ఏడు చుట్టూ తిప్పి లెక్కిస్తే 1 నుంచి 6 దాకా ప్రతి తేడా ఒక్కసారే వస్తుంది. మరి పదమూడుకు ఇలాంటి నలుగురి గుంపులున్నాయా? ఉన్నాయి. ఆరుగురి గుంపులకు? అలా ప్రశ్న కదులుతూ ఉంటుంది. కాగితాలు నిండుతాయి, సాయంత్రానికి సగం చెత్తబుట్టలోకి పోతాయి. ఒకరికి చెబుతుంటే మన తప్పు మనకే దొరుకుతుంది, అందుకే ఈ పనిలో స్నేహితులు లేకపోతే కష్టం. శ్రీఖండే బోస్‌తో, చౌలా రైజర్‌తో, ఎర్దోష్‌తో కలిసే పనిచేశారు, గమనించారా?

కష్టం కూడా దాచకుండా చెప్పాలి. పీహెచ్‌డీ రోజుల్లో ఒక డిజైన్ల కుటుంబాన్ని కొత్తగా కట్టానని అనుకుని పదకొండు నెలలు దాని మీదే కూర్చున్నాను. అన్నీ సరిపోయాయి. రాసి పంపే ముందు లైబ్రరీలో పాత జర్నల్ సంపుటాలు తిరగేస్తుంటే, 1960ల నాటి ఒక వ్యాసంలో అదే ఫలితం కనబడింది. అప్పట్లో ఇంటర్నెట్ లేదు, ముందే వెతికి తెలుసుకునే దారి తక్కువ. ఆ సాయంత్రం బీచ్ రోడ్డు మీద చీకటి పడేదాకా కూర్చున్నాను. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి క్లాసు, వెళ్ళి చెప్పాను. నెల తర్వాత గమనిస్తే, నా పద్ధతి వేరే, దాంతో వాళ్ళకు రాని ఒక కేసు నాకు వస్తోంది. దాన్ని చిన్న వ్యాసంగా రాశాను, అచ్చయింది. నా మొదటి వ్యాసం అదే. ఇలాంటి సాయంత్రాలు మీ అమ్మాయికీ వస్తాయి. ఆ రోజు ఇంట్లో ఎవరూ "నేను ముందే చెప్పాను కదా" అనకుండా ఉంటే చాలు.

బతుకుతెరువు సంగతి. డబ్బు పరంగా ఇది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాదు, పస్తులుండే దారి కూడా కాదు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు ఫెలోషిప్, అద్దె భత్యం అదనం. యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలు. కష్టం మధ్యలో ఉంది. పీహెచ్‌డీ అయ్యాక ఊళ్ళు మారుతూ రెండు మూడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, తాత్కాలిక పోస్టుల్లో ఉండాల్సి వస్తుంది. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్ఫై దాటడం మామూలే. అమ్మాయి కదా, అంతదాకా ఎలా అని చుట్టాలు అంటారు. నా దగ్గర చదివినవాళ్ళలో నిరూపణ అందరికంటే శుభ్రంగా రాసిన ముగ్గురూ అమ్మాయిలే. అందులో ఇద్దరు ఆ మాటలకే ఆగిపోయారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

దారి మార్చుకోవాలన్నా ఈ చదువు వృథా పోదు. అల్గారిదమ్‌లు, క్రిప్టోగ్రఫీ, స్టాటిస్టిక్స్, అన్నిటికీ పునాది ఇందులో ఉంది. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి మీద అతికించిన క్యూఆర్ కోడ్ చూడండి. నూనె మరకలు పడి, ఒక మూల చిరిగి ఉన్నా ఫోన్ చదివేస్తుంది. పోయిన భాగాన్ని తిరిగి లెక్కగట్టే కోడ్ అందులో ఉంది కాబట్టి. ఆ కోడ్లలో ఒక ముఖ్యమైన తెగను బీసీహెచ్ అంటారు. అందులో మొదటి అక్షరం, ఇందాకటి మన బోస్‌దే. ఆయిలర్ ఊహను పడగొట్టిన మరుసటి ఏడాది, 1960లో, రే చౌధురితో కలిసి ఆయన దాన్ని ప్రచురించారు.

ఇప్పుడు ఏం చెయ్యాలి. ఇంటర్ తర్వాత ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీ-స్టాట్ కలకత్తాలో, బీ-మ్యాథ్ బెంగళూరులో ఉన్నాయి. చెన్నై దగ్గర సిరుసేరిలో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. రెండిటికీ ప్రవేశ పరీక్షలుంటాయి. ఆప్షన్లు గుర్తించడంతో పాటు నిరూపణలు రాయాల్సి ఉంటుంది, మీ అమ్మాయికి అక్కడ లాభం. తిరుపతి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధనా సంస్థ) కూడా మంచి దారి. నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి, ఆ ఏటి ప్రాస్పెక్టస్ చూసుకోండి. ఇవేవీ రాకపోతే విశాఖలోనే మంచి బీఎస్సీ చేసి, తర్వాత జామ్ పరీక్ష రాసి ఎమ్మెస్సీకి వెళ్ళవచ్చు. నా శిష్యులు ఎక్కువమంది ఈ దారినే వెళ్ళారు. ఒలింపియాడ్ పాత ప్రశ్నపత్రాలు తెచ్చివ్వండి, ర్యాంకు కోసం కాదు, అందులో కాంబినేటరిక్స్ లెక్కలు చాలా బాగుంటాయి. జేఈఈ కోచింగ్ మాన్పించమని నేను చెప్పను. వారంలో ఒక పూట మాత్రం ఆ పిల్లను గడియారం లేకుండా వదిలేయండి.

మొదటి పూటకు పని నేనిస్తాను. పేకముక్కల్లో నాలుగు అయ్యాక, అయిదు చెయ్యమనండి. అయిదు అక్షరాలు, అయిదు అంకెలు, ఇరవై అయిదు కాగితం ముక్కలు. ఒక చదరంలో వరస వరసకూ ఒక గడి జరపాలి, రెండో చదరంలో రెండు గడులు జరపాలి. ఎందుకు పనిచేసిందో సొంత మాటల్లో రాయాలి. తర్వాత అదే పద్ధతి ఆరుతో చేసి, సరిగ్గా ఎక్కడ, ఏ గడిలో చెడిపోయిందో చూపించాలి. ఆరుకు అసలు ఏ జతా లేదని నిరూపించమని నేను అడగడం లేదు, ఆ పద్ధతి ఎందుకు ఆగిపోయిందో చెబితే చాలు. రాసింది తెలుగులో ఉన్నా ఇంగ్లీషులో ఉన్నా ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. ఎన్ని రోజులు పట్టినా ఫరవాలేదు, నేను చదువుతాను.